జీవకణంలో దీపం

కిందటి చలికాలంలో ఒకరోజు మా తొమ్మిదో తరగతి గది కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేశాం. బల్లమీద రెండు గాజుగ్లాసులు పెట్టాం. రెండింటిలోనూ నీళ్ళలా తేటగా ఉన్న ఒకే ద్రవం పోశాం. దొంగనోట్లను గుర్తుపట్టడానికి దుకాణాలలో వాడే ఊదారంగు టార్చి ఒకటి ఉట్నూరు బజారులో అడిగి తెచ్చాను. ఆ టార్చి వెలుతురు పడగానే గ్లాసుల్లోని ద్రవం లేత నీలిరంగులో వెలిగింది. పిల్లలందరూ ఒక్కసారిగా "అబ్బ!" అన్నారు.

అప్పుడు ఒక గ్లాసులో రెండు చెంచాల ఉప్పు, రెండో గ్లాసులో రెండు చెంచాల చక్కెర వేసి కలిపాం. చక్కెర వేసిన గ్లాసు ఎప్పటిలాగే వెలుగుతోంది. ఉప్పు వేసిన గ్లాసులో మాత్రం వెలుగు మందగించింది.

"సార్, ఉప్పేస్తే దీపమెందుకు తగ్గింది?" అని వెనకబల్ల నుంచి ఒక అమ్మాయి అడిగింది.

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని దీని వెంట నడిచి వెళ్ళిన శాస్త్రజ్ఞులు బ్రతికి ఉన్న జీవకణం లోపలికి చేరుకున్నారు. ఆ కథే మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

గ్లాసుల్లో ఉన్నది టానిక్ వాటర్ అనే చేదు పానీయం. ఆదిలాబాదు నుంచి తెప్పించాను. చేదుకోసం దానిలో కొద్దిగా క్వినైన్ కలుపుతారు. క్వినైన్ పేరు వినని ముసలివాళ్ళు మన ఏజెన్సీ గ్రామాలలో అరుదు. వానలు వెనకబట్టే రోజుల్లో ఇంటికొకరు చలిజ్వరంతో దుప్పటి కప్పుకొని వణుకుతుంటే, సింకోనా చెట్టు బెరడు నుంచి తీసిన ఆ చేదు మందే ప్రాణం నిలబెట్టేది. అన్నట్టు, ఇంట్లో ఉన్న జ్వరం మాత్రలు కరిగించి ఈ ప్రయోగం చేయకండి. మందులు ఆడుకోవడానికి కావు. టార్చిని కళ్ళలోకి కొట్టడం కూడా పనికిరాదు.

క్వినైన్ ద్రావణాన్ని ఎండలో పెడితే దాని పైభాగాన అందమైన నీలి మెరుపు కనిపిస్తుందని 1845లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ రాశాడు. అది ఎందుకు వస్తుందో ఆయనకు అంతు చిక్కలేదు. ఏడేళ్ళ తరువాత, 1852లో, జార్జి స్టోక్స్ ఆ చిక్కుముడి విప్పాడు. ఆయన వాడిన సామగ్రి చూస్తే మన పాఠశాల ప్రయోగశాలే నయమనిపిస్తుంది. చర్చి కిటికీలకు వాడే నీలి అద్దం గుండా ఎండను క్వినైన్ మీదకు పంపాడు. ద్రావణం నుంచి వచ్చే కాంతిని పసుపుపచ్చని ద్రాక్షసారాయి నింపిన గ్లాసు గుండా చూశాడు. నీలి అద్దం గుండా వచ్చిన కాంతిని సారాయి అడ్డుకుంటుంది. అయినా క్వినైన్ వెలుగు కనబడుతూనే ఉంది! అంటే లోపలికి వెళ్ళిన కాంతి ఒకటి, బయటికి వచ్చిన కాంతి మరొకటి. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం కూడా ఇలాగే మెరుస్తుంది కనుక దాని పేరుమీద స్టోక్స్ ఈ గుణానికి ఫ్లోరోసెన్స్ అని పేరు పెట్టాడు. తెలుగులో ప్రతిదీప్తి అంటున్నాం.

కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని క్వినైన్ అణువు మింగుతుంది. ఆ శక్తితో అణువులోని ఎలక్ట్రాను పై మెట్టుకు ఎగురుతుంది. అక్కడ కాస్త అటూ ఇటూ ఊగి కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. మిగిలిన శక్తిని కాంతిగా వదిలి కిందికి దిగుతుంది. కొంత పోయింది కనుక బయటికి వచ్చే కాంతిలో శక్తి తక్కువ, తరంగదైర్ఘ్యం ఎక్కువ. అందుకే కనబడని కాంతి వెళ్ళి కనబడే నీలికాంతిగా తిరిగి వస్తుంది. ఇదంతా జరగడానికి క్వినైన్‌కు పట్టే సమయం సుమారు సెకనులో అయిదుకోట్లవ వంతు.

ఈ గుణం ఒక్క క్వినైన్‌కే కాదు. చీకట్లో అదే టార్చి వేసి చూడండి. సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కా నీలంగా వెలుగుతుంది. బట్ట తెల్లగా కనబడాలని సబ్బుపొడిలో కలిపే పదార్థం పని అది. ఆకు పసరును స్పిరిటులో తీసి చూస్తే పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది. మన అడవుల్లోని యేగి చెట్టు చేవను, బజారులో బీజాసాల్ అంటారే దాన్ని, నీళ్ళలో నానబెడితే ఆ నీళ్ళకూ ఈ మెరుపు వస్తుంది. రాళ్ళకింద దాగిన తేలు కూడా వెలుగుతుంది. ఈ చివరిదాన్ని చూసి రమ్మని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మా విద్యార్థులు ఇద్దరు తమంత తామే చూసి వచ్చి చెప్పారు, నా చేత చీవాట్లూ తిన్నారు.

ఇప్పుడు ఉప్పు సంగతి. పై మెట్టుమీద ఉన్న ఎలక్ట్రాను దిగడానికి పట్టే ఆ కాస్త సమయంలో ఒక క్లోరైడ్ అయాన్ వచ్చి క్వినైన్ అణువును ఢీకొంటే, ఆ శక్తి కాంతిగా కాక వేడిగా జారిపోతుంది. క్లోరైడ్ ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువసార్లు ఢీకొంటుంది, అంత ఎక్కువగా వెలుగు తగ్గుతుంది. దీన్ని తిరగేసి చూడండి. గ్లాసును ముట్టుకోకుండా, రుచి చూడకుండా, దూరం నుంచి వెలుగును మాత్రం కొలిచి, నీళ్ళలో ఉప్పు ఎంత ఉందో చెప్పవచ్చునన్నమాట! ఇలా తన చుట్టూ ఉన్న రసాయనాన్ని వెలుగుతో తెలియజేసే అణువును ప్రతిదీప్త శోధకం అంటారు.

గ్లాసులో ఉప్పు కొలవడానికి ఇంత తంటా ఎందుకు అంటారా? గ్లాసుకు అక్కరలేదు. జీవకణానికి కావాలి.

మన శరీరంలోని కణాలు చాలావరకు మీటరులో లక్షవ వంతు వెడల్పు ఉంటాయి. అంత చిన్నగదిలో వేలకొద్దీ రసాయనచర్యలు ఒకేసారి జరుగుతుంటాయి. వాటిని తెలుసుకోవడానికి పూర్వం ఒకటే మార్గం ఉండేది. కణజాలాన్ని కోసి, నూరి, ఆమ్లంలో వేసి, వడగట్టి, ఆ ద్రావణాన్ని పరీక్షించడం. ఈ పనిలో ప్రపంచం మెచ్చిన నేర్పరి మన తెలుగువాడే. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, ద్రావణంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని తయారుచేసి 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి వారిద్దరి పేరుమీదే నేటికీ జీవరసాయన పుస్తకాలలో ఉంది. దాన్ని కండరాల సారానికి వాడినప్పుడు ఒక వింత జరిగింది. నీలిరంగు వెంటనే రావలసింది పోయి మెల్లమెల్లగా పైకి తేలింది. మరొకరైతే మందు పాడైందనుకొని పారబోసేవారు. వీరు పారబోయలేదు. కండరంలో చాలా పెళుసైన భాస్వర పదార్థం ఏదో ఉందనీ, తాము వేసిన ఆమ్లంలోనే అది విరిగి భాస్వరాన్ని కొద్దికొద్దిగా వదులుతోందనీ గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. 1929లో కణానికి చిల్లరడబ్బువంటి శక్తిపదార్థం, ఎ.టి.పి.ని కూడా కండరం నుంచి వేరుచేసి చూపారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

కొలవడం కోసం వేసిన ఆమ్లమే కొలవవలసిన పదార్థాన్ని విరగగొడుతోంది, చూశారా! సుబ్బారావు గారంతటి నిశితదృష్టి ఉన్నవారు కనుక ఆ లోపం నుంచే కొత్త పదార్థాన్ని పట్టుకోగలిగారు. కాని కండరం ముడుచుకుంటున్న ఆ క్షణంలో, ఆ కణంలో, ఏ మూల ఎ.టి.పి. తరుగుతోంది, ఎప్పుడు పెరుగుతోంది? ఈ ప్రశ్నకు నూరిన కండరం జవాబు చెప్పలేదు. నూరిన కారంపొడిని చూసి మిరపచెట్టుకు ఏ కాయ ఎప్పుడు పండిందో చెప్పమంటే చెప్పగలమా? కణం బ్రతికి ఉండాలి, మనకు లోపలి సంగతి తెలియాలి. వెలిగే అణువులు అక్కరకు వచ్చింది ఇక్కడే.

తమాషా ఏమిటంటే అటువంటి అణువు ఒకటి సుబ్బారావు గారి ప్రయోగశాలల నుంచే వచ్చింది. 1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధనలకు అధిపతి అయ్యారు. అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారురంగు మందును కనుగొన్నాడు. అదే ఆరియోమైసిన్. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఈ మందూ దీని జాతికి చెందిన టెట్రాసైక్లిన్ మందులూ అతినీలలోహిత కాంతిలో పచ్చగా వెలుగుతాయి, కాల్షియంను గట్టిగా పట్టుకుంటాయి. పెరుగుతున్న ఎముకలో చేరి అక్కడే ఉండిపోతాయి. కనుక మందు ఇచ్చిన రోజున ఎముక ఎంతవరకు పెరిగిందో తరువాత ఆ పచ్చని గీత చూసి చెప్పవచ్చునని 1950ల చివరి నుంచి తెలుసుకున్నారు. పెరిగే పిల్లల పళ్ళకు రంగు పడుతుందని డాక్టర్లు చిన్నపిల్లలకు ఈ మందు సాధారణంగా ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదే. 1970లలో శాస్త్రజ్ఞులు ఆరియోమైసిన్‌నే కణంలోని పొరలకు అంటుకొని ఉన్న కాల్షియంను చూడడానికి వాడారు. సూక్ష్మజీవులను చంపడానికి పుట్టిన మందు కణానికి దీపం పట్టింది!

కాల్షియం మీద అంత ఆసక్తి ఎందుకంటే, కణం లోపల అది వార్తాహరుడి పని చేస్తుంది. విశ్రాంతిగా ఉన్న కణం లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం బయటికంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. నాడి నుంచి కబురు రాగానే అది ఒక్కసారి పెరుగుతుంది, కండరం ముడుచుకుంటుంది, మళ్ళీ తగ్గుతుంది. ఈ రాకపోకలను సరిగ్గా చూడడానికి రోజర్ షెన్ అనే యువశాస్త్రజ్ఞుడు ప్రత్యేకంగా అణువులను నిర్మించసాగాడు. ఆయనకు రెండు చిక్కులు వచ్చాయి.

కాల్షియంను పట్టే అణువుకు ఋణావేశాలు ఉండాలి. ఆవేశం ఉన్న అణువు కణం చుట్టూ ఉన్న నూనెవంటి పొరను దాటలేదు. సూదితో గుచ్చి ఎక్కిస్తే కణానికి గాయం. షెన్ ఏం చేశాడంటే, ఆవేశాలు కనబడకుండా అణువుకు ఎస్టరు ముసుగు వేశాడు. ముసుగుతో అది పొరను దాటి లోపలికి పోతుంది. లోపలి ఎంజైములు ముసుగును కత్తిరిస్తాయి. ఆవేశాలు బయటపడగానే ఇక అది వెనక్కు రాలేదు. వాగులో చేపలకోసం పెట్టే వెదురుబుట్టను చూశారు కదా, లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. అచ్చం అదే. 1981లో ఈ ఉపాయాన్ని ప్రకటించాడు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇది.

రెండో చిక్కు: ఒక కణంలో వెలుగు ఎక్కువగా ఉంటే అక్కడ కాల్షియం ఎక్కువ ఉన్నట్టా, శోధకమే ఎక్కువ చేరినట్టా? 1985లో వచ్చిన ఫ్యూరా-2 దీన్ని తీర్చింది. కాల్షియం పట్టుకున్న ఫ్యూరా-2 కాంతిని మింగే తరంగదైర్ఘ్యం వేరు, పట్టుకోనిది మింగే తరంగదైర్ఘ్యం వేరు. రెండు రకాల కాంతినీ మార్చి మార్చి వేసి, వచ్చిన వెలుగుల నిష్పత్తిని తీస్తారు. తరగతిలో ఎంతమంది పిల్లలున్నా సరే, నిలబడినవారికీ కూర్చున్నవారికీ నిష్పత్తి చూస్తే సగంమంది లేచారో కాదో తెలుస్తుంది కదా!

మన క్వినైన్‌కు కూడా ఈ యోగం పట్టింది. క్వినైన్ అణువులో మెథాక్సీ క్వినొలిన్ అనే వలయాల జంట ఉంది. అదే జంటను ఆధారం చేసుకొని ఎస్.పి.క్యూ. అనే శోధకాన్ని తయారుచేసి, 1987లో కణాల పొర గుండా క్లోరైడ్ రాకపోకలను కొలిచారు. మా తరగతిగదిలో ఉప్పు చేసిన పనే అది, కాకపోతే కణంలో. క్లోరైడ్ లోపల ఉంటే మసక, బయటికి పోతే వెలుగు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉంది. మన దేశంలో అరుదుగానూ, ఐరోపా జాతులవారిలో ఎక్కువగానూ కనిపిస్తుంది. ఆ పిల్లల చెమట బాగా ఉప్పగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో జిగురు చిక్కగా పేరుకుపోయి ఊపిరి ఆడదు. కారణం, కణాల పొరలో క్లోరైడ్ పోవలసిన తలుపు సరిగా పనిచేయకపోవడం. 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు రోగుల శ్వాసనాళపు కణాలను పెంచి, వాటిలో కొన్నిటికి సరైన జన్యువును అందించి, ఎస్.పి.క్యూ. నింపి చూశారు. తలుపు తెరవమని కబురు పంపగానే జన్యువు అందిన కణాలు ప్రకాశించాయి. అందనివి మసకగానే ఉండిపోయాయి. జబ్బుకు మూలం ఆ జన్యువేనని కంటికి కనబడింది! ఆ తరువాత వేరేరకం వెలుగు శోధకాలతో రెండు లక్షలకు పైగా రసాయనాలను పరీక్షించి, ఆ తలుపును తెరిపించే మందు ఐవాకాఫ్టర్‌ను ఎంచారు. జబ్బులోని ఒక రకానికి దాన్ని వాడడానికి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మలేరియా సంగతి కూడా చెప్పుకోవాలి. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దూరి, హిమోగ్లోబిన్‌ను ఒక చిన్న ఆమ్లపు తిత్తిలో జీర్ణం చేసుకుంటుంది. క్లోరోక్విన్ మందు ఆ తిత్తిలోనే పేరుకొని దాన్ని చంపుతుంది. మందుకు లొంగని పరాన్నజీవులలో తిత్తి పొరలోని ఒక ప్రోటీను మారిపోయి మందును బయటికి తోసేస్తుంది. ఆమ్లతను బట్టి వెలుగు మారే శోధకాలతో శాస్త్రజ్ఞులు బ్రతికి ఉన్న పరాన్నజీవి తిత్తిలోకే తొంగిచూస్తున్నారు. ఒకప్పుడు మన ఊళ్ళలో ఇట్టే పనిచేసిన మాత్ర కొందరికి ఎందుకు పనిచేయకుండా పోయిందో తెలియాలంటే చూడవలసిన చోటు అదే.

శోధకాన్ని బయటి నుంచి పంపకుండా కణమే తయారుచేసుకొనేట్టు చేయవచ్చునా? చేయవచ్చు. ఒక జెల్లీచేపలో పచ్చగా వెలిగే ప్రోటీను ఉందని ఒసాము షిమొమురా 1962లో చెప్పాడు. ఆ జన్యువును వేరే జీవిలో పెట్టినా వెలుగు వస్తుందని మార్టిన్ చాల్ఫీ 1994లో చూపాడు. షెన్ దానికి రకరకాల రంగులు దిద్దాడు. ముగ్గురికీ 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

హైదరాబాదులో సి.సి.ఎం.బి. పరిశోధనాలయం ఉందని మీకు తెలుసు. అక్కడ అమితాభ ఛటోపాధ్యాయ బృందం కణత్వచం మీద ఎన్నో ఏళ్ళు ఇటువంటి పనే చేసింది. సెరొటోనిన్ అనే రసాయనపు కబురు అందుకొనే ప్రోటీనుకు వెలిగే ప్రోటీనును తగిలించి, లేజరుతో పొరలో ఒక చిన్నచోట వెలుగును ఆర్పేసి, అది మళ్ళీ ఎంతసేపటికి నిండుతుందో కొలిచారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో రాత్రిపూట అందరి చేతుల్లో దీపాలున్నాయనుకోండి. ఒక మూలనున్న దీపాలన్నీ ఆర్పేస్తే, ఆ మూలకు మళ్ళీ ఎంత త్వరగా వెలుగు వస్తే జనం అంత స్వేచ్ఛగా కదులుతున్నట్టు. పొరలోని కొలెస్టరాల్ తగ్గిస్తే ఈ ప్రోటీను కదలిక మారుతుందని 2007లో వారు ప్రకటించారు.

ఈ పద్ధతులకు లోపాలు లేవనుకోకండి. కాల్షియంను చూడమని పంపిన శోధకమే కాల్షియంను పట్టి ఉంచుతుంది. మోతాదు మించితే కంచే చేను మేసినట్లు అవుతుంది. బలమైన కాంతి ఎక్కువసేపు పడితే రంగు వెలిసిపోతుంది, కణమూ దెబ్బతింటుంది. అందుకే మంచి పరిశోధకుడు శోధకం లేని కణాన్నీ, కబురు అందని కణాన్నీ కూడా పక్కన పెట్టుకొని పోల్చి చూస్తాడు. మా చక్కెర గ్లాసు పని అదే.

2009లో జపాను శాస్త్రజ్ఞులు ఎ.టి.పి.కి కూడా శోధకం చేశారు. ఒక బాక్టీరియా ప్రోటీను ముక్కకు చెరొకవైపు నీలిరంగు ప్రోటీనునూ, పసుపురంగు ప్రోటీనునూ అతికించారు. ఎ.టి.పి. దొరకగానే మధ్యముక్క ముడుచుకొని రెండు రంగులూ దగ్గరవుతాయి, నీలం తగ్గి పసుపు పెరుగుతుంది. అంతకు 80 ఏళ్ళ ముందు సుబ్బారావు గారు నూరిన కండరం నుంచి తీసిన పదార్థం బ్రతికి ఉన్న కణంలో ఎక్కడెక్కడ ఎంతెంత ఉందో రంగుల్లో కనిపించింది.

మా తరగతిలో ఆ రోజుతో పని పూర్తి కాలేదు. నేను క్లోరైడ్ అన్నాను కాని, ఉప్పులో సోడియం కూడా ఉంది కదా, అది కాదని ఎట్లా చెప్తారని అదే అమ్మాయి మరునాడు అడిగింది. న్యాయమైన ప్రశ్న. ప్రయోగశాల బీరువాలో పొటాషియం క్లోరైడూ, సోడియం సల్ఫేటూ ఉన్నాయి. మొదటిదానిలో క్లోరైడ్ ఉంది, సోడియం లేదు. రెండోదానిలో సోడియం ఉంది, క్లోరైడ్ లేదు. మళ్ళీ గోనెసంచులు కట్టాం. పొటాషియం క్లోరైడ్ వేసిన గ్లాసు మసకబారింది. సోడియం సల్ఫేట్ వేసిన గ్లాసు గంట కొట్టేవరకూ నీలంగా వెలుగుతూనే ఉంది.